అవ్వ టీవీలో అర్జునుడు కనపడాలి: హెచ్‌డీలో తీసి ఎస్‌డీకి మార్చడంలో నేర్చుకున్న పాఠం

 

ఈ వారం మన ఛానెల్‌లో పెట్టిన అర్జున తపస్సు వీడియో చూశారు కదా. ఈ పోస్టు ఆ వీడియో వెనక జరిగిన పని గురించి. మీలో చాలామంది సొంతూరి జాతరకి, గుడి ఉత్సవాలకి వెళ్ళినప్పుడు ఫోన్‌తోనో కెమెరాతోనో తీస్తుంటారు. తీసింది యూట్యూబ్‌లో పెట్టి ఊరుకుంటే పెద్ద గొడవేమీ లేదు. అదే వీడియో ఊళ్ళో లోకల్ కేబుల్‌కి ఇవ్వాలన్నా, డీవీడీ చేసి ఇంట్లో పెద్దవాళ్ళకి పంపాలన్నా మాత్రం కొన్ని సంగతులు తెలిసుండాలి. అవి తెలియక నేను ఒక ఏడాది పనంతా పాడుచేసుకున్నాను. మీరు పాడుచేసుకోకూడదని రాస్తున్నాను.

మా వైపు భారతం

మాది పాకాల. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్ళు చాలా ఉన్నాయి. ఎండాకాలం వచ్చిందంటే ఆ గుళ్ళ దగ్గర మహాభారత ఉత్సవాలు మొదలవుతాయి. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. రోజులు గడిచేకొద్దీ బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం, అర్జున తపస్సు, చివర్లో దుర్యోధన వధ, ఆ సాయంత్రం అగ్నిగుండ ప్రవేశం. సిటీలో పెరిగిన వాళ్ళకి మహాభారతం అంటే పుస్తకమో సీరియలో. మా దగ్గర అది ఊరు మొత్తం కలిసి జీవించే ఒక నెల.

ఇందులో అర్జున తపస్సు రోజు ప్రత్యేకం. ఎత్తైన మాను ఒకటి నాటుతారు. అర్జునుడి వేషం కట్టినాయన ఒక్కో మెట్టుకీ పద్యం పాడుకుంటూ పైకెక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడి బట్టలతో సాష్టాంగ పడి ఉంటారు. ఆయన పైకి చేరాక నిమ్మకాయలు, పూలు కిందికి విసురుతాడు. అది కొంగులో పడితే వరం దొరికినట్టే.

మా అవ్వ కూడా ఒకప్పుడు అట్లా మాను కింద పడుకుందట. ఆ మరుసటేడు మా నాయన పుట్టాడు. అప్పటి నుంచి ఏ ఏడూ ఆమె భారతం తప్పలేదు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. గడప దాటి ఆటో ఎక్కడమే కష్టం. అందుకే నేను మా దగ్గరి పల్లెలో జరిగే భారతాన్ని తీసి లోకల్ కేబుల్‌కి ఇస్తానని మాటిచ్చాను. అవ్వ చూసేది ముందుగదిలో ఉన్న పాత డబ్బా టీవీ. దాన్ని మార్చనివ్వదు. "బాగానే ఉంది కదరా, దానికేం రోగం?" అంటుంది.

మొదటి ఏడాది ఏం జరిగింది

ఫోన్‌లో 1080పి, సెకనుకు 30 ఫ్రేములు. సెట్టింగులన్నీ ఆటో. ఎడిటింగ్ యాప్‌లో పేర్లు వేసి, కేబుల్ ఆయన అడిగిన 720 ఇంటూ 576 సైజులో తీసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. నా లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఉంది. మా ఆఫీసులో వెక్కిరింపుగా వాడే మాట ఒకటుంది, "నా మెషిన్‌లో పనిచేస్తోంది" అని. అదే చేశాను.

సాయంత్రం అవ్వ పక్కన కూర్చుని చూశాను. మొదట గర్భగుడి షాట్. అవ్వ దండం పెట్టుకుని, కాసేపు చూసి, "అమ్మోరు ఇంత సన్నంగా అయిపోయిందేందిరా?" అంది. తర్వాత తపస్సు మాను. మెట్ల గీతలు, తాళ్ళు అన్నీ వణుకుతున్నాయి. కెమెరా పక్కకి తిప్పిన ప్రతిచోటా బొమ్మ ఎగిరెగిరి పడుతోంది. కింద నేను వేసిన పేరు చదవడానికే రాలేదు. అవ్వ కళ్ళు చిట్లించి అడిగింది: "యాడరా అర్జునుడు?"

అర్జునుడు ఉన్నాడు. నా 1080పి ఫైల్‌లో కిరీటం అంచుతో సహా ఉన్నాడు. అవ్వ టీవీలో లేడు.

ఆ రాత్రి నాకు సంజయుడు గుర్తొచ్చాడు. భీష్మ పర్వంలో యుద్ధానికి ముందు వ్యాసుడు వచ్చి ధృతరాష్ట్రుడికి చూపు ఇస్తానంటాడు. నా వాళ్ళ చావు నేను చూడలేను, వింటాను అంటాడు ధృతరాష్ట్రుడు. అప్పుడు దివ్యదృష్టి సంజయుడికి దక్కుతుంది. సంజయుడే మొదటి లైవ్ టెలికాస్ట్ అని మనం సరదాగా అంటుంటాం. కానీ అసలు సంగతి వేరే ఉంది. ఆయనకి దొరికింది చూపు. ఆయన ఇవ్వాల్సింది మాట. చూసిందాన్ని ఎదుటివాడు అందుకోగలిగే రూపంలోకి మార్చి ఇచ్చాడు. అదే ఆయన సేవ. మనం హెచ్‌డీలో ఎంత బాగా చూశామన్నది ముఖ్యం కాదు. అటువైపు కూర్చున్న మనిషికి ఎంత అందిందన్నదే లెక్క. ఇక కింద రాసేదంతా ఆ ఒక్క మాటకి వివరణ.

ఎస్‌డీ అంటే అసలేమిటి

మన దేశంలో 1982లో రంగుల ప్రసారాలు మొదలైనప్పుడు తీసుకున్న పద్ధతి పాల్. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ లెక్కకే సరిపడేట్టు సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో కనపడే గీతలు 576. అమెరికా, జపాన్ వాళ్ళది ఇంకో పద్ధతి, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. మన ఫోన్లలో మామూలుగా 30, 60 ఉండటానికి మూలం అక్కడుంది. కేబుల్ డిజిటల్ అయి సెట్‌టాప్ బాక్సులు వచ్చినా, ఎస్‌డీ బాక్సుల్లో, డీవీడీల్లో ఇప్పటికీ నడిచేది ఈ 720 ఇంటూ 576, 25 ఫ్రేముల లెక్కే.

చిన్న లెక్క చూడండి. 1920 ఇంటూ 1080 అంటే 20,73,600 చుక్కలు. 720 ఇంటూ 576 అంటే 4,14,720. సరిగ్గా ఐదో వంతు. అంటే మీరు తీసిన ప్రతి ఐదు చుక్కల్లో ఒక్కటే మిగులుతుంది. ఆ ఒక్కదాన్ని ఎట్లా ఎంచాలన్నదే కన్వర్షన్.

ఇంకో తేడా ఇంటర్లేసింగ్. ఎస్‌డీ టీవీ ఒక ఫ్రేమును ఒకేసారి గీయదు. ముందు ఒకటి, మూడు, ఐదు అంటూ బేసి గీతలు. తర్వాత రెండు, నాలుగు, ఆరు అంటూ సరి గీతలు. ఒక్కో సగాన్ని ఫీల్డ్ అంటారు. 288 గీతల ఫీల్డులు సెకనుకు 50 వస్తాయి. ప్రోగ్రెసివ్‌లో అట్లా కాదు, ఫ్రేము మొత్తం ఒకే క్షణంలో తీసింది. 1080పిలో 'పి' అంటే అదే.

మరి చివరికి ఇవ్వాల్సింది ఇంటర్లేస్డ్ అయినప్పుడు ప్రోగ్రెసివ్‌లో ఎందుకు తీయాలి? సైజు తగ్గించేటప్పుడు సుఖం కాబట్టి. ఇంటర్లేస్డ్ ఫ్రేములో బేసి గీతలది ఒక క్షణం, సరి గీతలది ఇంకో క్షణం. దాన్ని అట్లాగే నిలువునా తగ్గిస్తే రెండు క్షణాలూ కలిసిపోయి, కదిలే ప్రతిదాని అంచునా దువ్వెన పళ్ళలా వస్తుంది. ప్రోగ్రెసివ్‌లో ఆ గొడవ లేదు. ముందు శుభ్రంగా సైజు తగ్గించు, చివర్లో ఫీల్డులుగా విడదీయి. మీ దగ్గర పాత 1080ఐ ఫుటేజ్ ఉంటే మాత్రం ముందు దాన్ని సెకనుకు 50 పూర్తి ఫ్రేములుగా డీఇంటర్లేస్ చేసి, ఆ తర్వాతే సైజు ముట్టుకోండి.

30 కాదు, 25 లేదా 50

నా మొదటి తప్పు ఇదే. 30 ఫ్రేముల్ని 25లో పెట్టాలంటే ప్రతి ఆరింటిలో ఒకటి పారేయాలి. అంటే సెకనుకు ఐదుసార్లు బొమ్మ ఒక అడుగు దూకుతుంది. నిలబడి ఉన్న మనిషిలో తెలీదు. ఊరేగింపు రథం నెమ్మదిగా కదిలేటప్పుడు, కెమెరా పక్కకి తిప్పేటప్పుడు కళ్ళకి గుచ్చుకుంటుంది. పారేయకుండా రెండు ఫ్రేముల్ని కలిపితే దూకుడు తగ్గుతుంది గానీ, ప్రతి చేతికీ నీడ చెయ్యి ఒకటి వస్తుంది.

అందుకే తీసేటప్పుడే 25పి గానీ 50పి గానీ పెట్టుకోండి. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో పాల్ అని ఉంటే ఆన్ చేయండి. లేకపోతే ఫ్రేము రేటు ఎంచుకోనిచ్చే కెమెరా యాప్ వాడండి.

25పిలో తీస్తే ఒక ఫ్రేమే రెండు ఫీల్డులుగా వెళుతుంది. రెండు సగాలూ ఒకే క్షణానివి. సినిమా చూసినట్టు ఉంటుంది. హరికథకి, పూజకి, ఇంటర్వ్యూలకి ఇది చాలు. 50పిలో తీస్తే మొదటి ఫ్రేములోంచి బేసి గీతలు, రెండో ఫ్రేములోంచి సరి గీతలు తీసుకుంటాం. సెకనుకు 50 వేర్వేరు క్షణాలు టీవీకి అందుతాయి. పలకల వాయిద్యం, భీముడు దుర్యోధనుడి చుట్టూ పరిగెత్తడం, నిప్పుల మీద నడక లాంటివి 50పిలో తీస్తేనే డబ్బా టీవీలో ప్రాణంతో కనపడతాయి. రెండూ కుదరదంటే 50పిలో తీయండి. అందులోంచి ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే 25పి ఎప్పుడైనా వస్తుంది. 25లోంచి 50 రాదు.

ఇక్కడొక చిక్కు. ఏ ఫీల్డు ముందు, ఏది వెనక అన్నది తారుమారైతే కాలం ముందుకొకటి వెనక్కొకటి అడుగేస్తుంది. కదిలే ప్రతిదీ వణుకుతుంది. ఎక్కువ చోట్ల పై ఫీల్డు ముందు. పాత డీవీ క్యాసెట్ పద్ధతిలో మాత్రం కింది ఫీల్డు ముందు. ఫైల్ ఎవరికి ఇస్తున్నారో వాళ్ళని అడిగి పెట్టండి.

షట్టర్ కూడా ఇదే లెక్క. మన దగ్గర ట్యూబులైట్లు సెకనుకు 100సార్లు వెలిగి తగ్గుతాయి. షట్టర్ 50వ వంతు గానీ 100వ వంతు గానీ ఉంటే ప్రతి ఫ్రేముకీ వెలుగు సమానంగా అందుతుంది. 60వ వంతు పెడితే పందిరి మొత్తం మిణుకుమిణుకుమంటుంది. రాత్రి వీధినాటకానికి నేనిప్పుడు 50పి, 50వ వంతు షట్టర్. పగలు 100వ వంతు.

వణికే గీతలు

మాను మెట్లు ఎందుకు వణికాయి? ఒక సన్నటి అడ్డగీత సరిగ్గా ఒకే గీత మందం ఉందనుకోండి. అది బేసి ఫీల్డులోనే ఉంటుంది, సరి ఫీల్డులో ఉండదు. అంటే సెకనుకు 25సార్లు వచ్చి, 25సార్లు మాయమవుతుంది. పట్టుచీర జరీ అంచు, గోపురం మీద వరసలు, గుడి మెట్లు, తాళ్ళు అన్నిటికీ ఇదే రోగం. హెచ్‌డీలో ఎంత షార్ప్‌గా ఉంటే ఇక్కడ అంత ఎక్కువ వణుకు.

మందు ఏమిటంటే ఫీల్డులుగా విడదీసే ముందు నిలువు దిశలో కాస్త మెత్తబరచడం. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్లేస్ అనే ఫిల్టర్ ఈ మెత్తబరిచే పని మామూలుగానే చేస్తుంది, దాన్ని ఆపకండి. లాప్‌టాప్‌లో చూస్తే "అయ్యో, మసకబారింది" అనిపిస్తుంది. టీవీలో చూస్తే నిలకడగా ఉంటుంది. పైగా షార్ప్‌నెస్ ఎక్కించే బుద్ధి పుట్టనే కూడదు.

అమ్మోరు సన్నబడటానికి కారణం

720ని 576తో భాగిస్తే 1.25. అది 4:3 కాదు, 16:9 కూడా కాదు. ఎస్‌డీలో చుక్క చదరం కాదు. ఈ చుక్కల్ని ఎంత వెడల్పుగా చూపాలో ఫైల్‌లో ఒక గుర్తు ఉంటుంది. నేను 16:9 బొమ్మని 720 ఇంటూ 576లోకి నొక్కేసి, ఆ గుర్తు పెట్టకుండా ఇచ్చాను. అవతల దాన్ని 4:3 అనుకుని చూపించారు. అందరూ సన్నగా, పొడుగ్గా అయిపోయారు. మనుషులైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. అమ్మోరి ముఖం మారిపోతే అవ్వకి అది దర్శనం కాదు.

కాబట్టి ముందే అడగండి: మీకు 16:9 కావాలా, 4:3నా? 16:9 అయితే గుర్తు తప్పకుండా పెట్టండి. 4:3 అయితే రెండు దారులు. పైనా కిందా నల్ల పట్టీలు వదలడం ఒకటి. అప్పుడు బొమ్మకి మిగిలేది 432 గీతలే. పక్కలు కత్తిరించడం రెండోది. అప్పుడు 1920లో మధ్యనున్న 1440 మాత్రమే మిగులుతుంది. ముఖ్యమైనదంతా ఆ మధ్య భాగంలోనే ఉండేట్టు తీసేటప్పుడే చూసుకోండి. ఇప్పుడు నా కెమెరా తెర మీద రెండు పక్కలా సన్నటి టేపు ముక్కలు అంటించుకుంటున్నాను.

తెలుగు అక్షరాలకి ఇంకా జాగ్రత్త

ఇంగ్లీషు అక్షరాలు చిన్నవైనా ఎట్లాగో బతుకుతాయి. మనవాటికి పైన తలకట్టు, గుడి, కింద వత్తు. హెచ్‌డీలో 40 గీతల ఎత్తుతో పేరు వేశారనుకోండి. నల్ల పట్టీల ఎస్‌డీలో అది 16 గీతలవుతుంది. అందులో వత్తుకి మిగిలేది ఐదారు గీతలు, ఒక్కో ఫీల్డులో రెండు మూడు. 'ద్రౌపది'లో క్రారవడి, 'దుర్యోధనుడు'లో యవత్తు ఏమైపోతాయో మీరే ఊహించండి.

లావు అక్షరాలు వాడండి. హెచ్‌డీలో కనీసం 80 గీతల ఎత్తు ఉండాలని నేను పెట్టుకున్న నియమం. ఒక తెరలో రెండు వరసలు మించొద్దు. తెర అంచుల నుంచి పదో వంతు లోపలికి జరిపి వేయండి, డబ్బా టీవీలు అంచుల్ని మింగేస్తాయి.

రంగు

హెచ్‌డీకి రంగుల లెక్క 709, ఎస్‌డీకి 601. సైజు మార్చి ఈ లెక్క మార్చకపోతే అమ్మవారి కుంకుమ ఎరుపు కాస్త మందగిస్తుంది, మామిడాకుల పచ్చ మాత్రం ఉన్నదానికంటే మెరుస్తుంది. పసుపు దాదాపు అట్లాగే ఉంటుంది కాబట్టి తప్పు వెంటనే తెలీదు. కన్వర్ట్ చేసేటప్పుడు ఇన్‌పుట్ 709, అవుట్‌పుట్ 601 అని స్పష్టంగా చెప్పండి.

మొత్తం ఒకచోట

1. ఎవరికి ఇస్తున్నారో వాళ్ళని ముందే అడగాలి: సైజు, 4:3నా 16:9నా, ఏ ఫీల్డు ముందు, ఏ ఫైల్ రకం.
2. 1080పి, సెకనుకు 50 ఫ్రేములు. కుదరకపోతే 25. షట్టర్ 50 లేదా 100వ వంతు.
3. దూరం షాట్లు తగ్గించి దగ్గరి షాట్లు పెంచాలి. హెచ్‌డీలో వేలెడంత మనిషి ఎస్‌డీలో చీమంత.
4. ఎడిటింగ్ అంతా హెచ్‌డీ ప్రోగ్రెసివ్‌లోనే. మాస్టర్ ఫైల్ ఒకటి దాచుకోవాలి. యూట్యూబ్‌కి అదే వెళుతుంది.
5. మాస్టర్ నుంచి ఎస్‌డీ: సైజు, రంగు లెక్క, నిలువు మెత్తదనం, ఫీల్డులు, 16:9 గుర్తు. ఈ వరస మారకూడదు.
6. ఎన్‌కోడర్‌కి కూడా ఇది ఇంటర్లేస్డ్ అని చెప్పాలి. డీవీడీ అయితే ఎంపెగ్-2, ఆడియో 48 కిలోహెర్ట్జ్. నిప్పు, పొగ, చల్లే పూలు ఎక్కువ బిట్‌రేట్ అడుగుతాయి, అక్కడ పిసినారితనం వద్దు.
7. చివరిగా నిజమైన పాత టీవీలో చూడాలి. లాప్‌టాప్‌లో ఈ వణుకులు, దూకుళ్ళు చాలావరకు కనపడవు.

రెండో ఏడాది

ఏడో పాయింట్ కోసం వారం ముందే పాకాల వెళ్ళాను. అవ్వ టీవీకి పాత డీవీడీ ప్లేయర్ తగిలించి, ఎరుపు తెలుపు పసుపు వైర్లు దులిపి, కిందటేడు ఫుటేజ్‌నే నాలుగు రకాలుగా కన్వర్ట్ చేసి వేశాను. ఏది వణుకుతోందో అవ్వే చెప్పింది. "ఇది నయం. ఇంతకుముందుది కండ్లు లాగింది." అంతకంటే మంచి టెస్టర్ మా ఆఫీసులో లేరు.

తపస్సు రోజు మాను కింద ఒక కెమెరా, ఎదురుగా మిద్దె మీద జూమ్‌తో ఇంకొకటి. రెండూ 50పి. అర్జునుడి ముఖం, పాదాలు, మెట్టు మీద పట్టు దగ్గరగా తీశాం. ఊరు మొత్తం కనపడే షాట్ ఒక్కటే పెట్టాం.

కేబుల్‌లో వచ్చిన రోజు అవ్వ మంచం మీద కూర్చుంది. నేను బొమ్మని చూడలేదు, ఆమెనే చూస్తూ కూర్చున్నాను. పద్యం మొదలవగానే పెదాలు కదిలించింది. ఆయన పైకి చేరాడు. "చూడు, అర్జునుడు" అని నేను అనబోయేలోపు ఆమే, "వచ్చినాడు" అంది. నిమ్మకాయ ఒకటి ఆయన చేతిలోంచి జారి, గాల్లో తిరుగుతూ, తెర మధ్యలోంచి కిందికి వస్తోంది. అంత చిన్నది, ఆ పాత తెర మీద, ఎక్కడా ఆగకుండా, దూకకుండా.

అవ్వ రెండు చేతులతో కొంగు పట్టింది.

నేనేమీ మాట్లాడలేదు. కాసేపటికి ఆమే కొంగు సర్దుకుని, "ఈసారి బాగా తీసినావు నాయనా" అంది.

మీ ఇంట్లోనూ గుడికి వెళ్ళలేని పెద్దవాళ్ళు ఉంటారు. ఈసారి ఊరెళ్ళినప్పుడు వాళ్ళు ఏ టీవీలో చూస్తారో ఒకసారి చూసి రండి. కెమెరా సెట్టింగులు అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. వచ్చే వారం హరికథకి మైకు ఎక్కడ పెట్టాలో చెప్పుకుందాం.

గోవిందా గోవింద.